మహమ్మారి కాలంలో అంతర్జాతీయ బాధ్యత: చందుర్తి ప్రాంత గల్ఫ్ వలస – ఒక పరిశీలన

రాజన్న సిరిసిల్ల జిల్లా చందుర్తి మండలం, సమీపంలోని జగిత్యాల, కోరుట్ల పల్లెలు దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు శ్రామికులను పంపుతున్నాయి. వెళ్ళింది ఏ దేశానికైనా ఇక్కడి వాడుకలో అది ‘దుబాయి’యే. కొవిడ్-19 చరిత్రను ఈ పల్లెల వైపు నుంచి చదివితే, రోగం కంటె వేతనం ముందుకు వస్తుంది. ఒక దేశంలో చేసిన పనికి, శ్రామికుడు మరొక దేశం చేరిన తరువాత, జవాబుదారీ ఎవరు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యయిక స్థితిని ప్రకటించింది. అందుకు ఆధారమైన 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు సరిహద్దు దాటే మనిషిని ‘ప్రయాణికుడు’గా చూస్తాయి; అతని గౌరవాన్ని, మానవహక్కులను కాపాడాలంటాయి. ఆ ప్రయాణికుడు జీతం రావలసిన కూలీ కూడా కావచ్చుననే ఊహ వాటిలో లేదు. వలస కార్మికుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన ఒడంబడికను భారతదేశం గాని, గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాలు గాని ధ్రువీకరించలేదు. కనుక ఈ శూన్యం కొవిడ్ తెచ్చిపెట్టినది కాదు.

మార్చి చివరి వారంలో అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయాయి. కఫాలా పద్ధతిలో శ్రామికుని నివాసార్హత యజమానితో ముడిపడి ఉంటుంది. పని పోతే అకామాకూ ముప్పే. ఏప్రిల్‌లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించి, పత్రాలు లేనివారి విమాన ఖర్చును తానే భరిస్తానన్నది. మే 7న మొదలైన వందే భారత్ విమానాలలో మాత్రం ప్రయాణికుడే టికెట్టు కొనుక్కోవలసి వచ్చింది. పల్లె భాషలో ‘ఖల్లివెల్లి’ అయినవానికి ఉచిత ప్రయాణం, సక్రమంగా పనిచేసినవానికి అప్పు! మే 9న కువైట్ నుంచి తొలి విమానం హైదరాబాదు చేరింది. బకాయి వేతనం, గ్రాట్యుటీ మాత్రం అక్కడే మిగిలాయి. వాటికై ఫిర్యాదు చేయవలసిన కార్మిక న్యాయస్థానాలు కూడా అక్కడివే. సత్వర న్యాయ యంత్రాంగం కావాలని జూన్ 1న మైగ్రెంట్ ఫోరం ఇన్ ఏషియా, ఇతర సంస్థలు కోరాయి.

స్వదేశపు బాధ్యత మాటేమిటి? 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ ఉద్యోగాలకు కనీస రెఫరల్ వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఉద్యోగావకాశాలు కాపాడటానికే అన్నది దాని వాదన. బేరమాడే శక్తి అడుగంటిన వేళ ప్రభుత్వమే ధర తగ్గించి చెప్పటం సమర్థనీయం కాదు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైన తరువాత, 2021 జులైలో పాత వేతనాలే పునరుద్ధరింపబడ్డాయి.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. టీకాలు, రోగకారక క్రిముల సమాచారం పంచుకోవటం దాని ప్రధానాంశాలు. బకాయి వేతనాల పరిష్కారానికి అందులో యంత్రాంగమేదీ లేదు. గల్ఫ్ మృతుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల పరిహారం 2023 డిసెంబరు 7 తరువాతి మరణాలకే వర్తిస్తుంది. 2020, 2021 నాటి మృతుల కుటుంబాలు ఆ తేదీకి ఇవతలే నిలిచిపోయాయి.