దుకాణాల నామఫలకాలు: తెలుగుకే అగ్రస్థానం

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా మామిడికుదురు మండలంలోని అప్పనపల్లి, వైనతేయ నదీతీరాన వెలసిన శ్రీ బాలబాలాజీ స్వామి పుణ్యక్షేత్రం. ఇది గ్రామ పంచాయతీ అయినందున ఇక్కడి దుకాణాలకు పురపాలక చట్టం వర్తించదు. అయినను వాటి నామఫలకాలు నిబంధనలకు అతీతం కావు.

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది. దాని క్రింద 1990లో రూపొందించిన నియమాల ప్రకారం ప్రతి సంస్థ నామఫలకం తెలుగులో ఉండవలెను. ఇతర భాషలు వాడినచో, అవి తెలుగు క్రిందనే ఉండవలెను. తెలుగు మాత్రమే చదవగలిగిన యాత్రికునికి ఈ నియమం ఎంతో ఉపయుక్తం.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 పంచాయతీ రహదారులపై అడ్డంకులను నిషేధిస్తున్నది. కనుక ఆలయ వీధులలో బాటకు అడ్డుగా బోర్డులు నిలుపరాదు.

అమలాపురం వంటి పట్టణాలలో 1965 నాటి పురపాలక సంఘాల చట్టం అమలులో ఉన్నది. దీని ప్రకారం వాణిజ్య ప్రకటనలకు కమిషనరు లిఖితపూర్వక అనుమతి అవసరం. సొంత వ్యాపారాన్ని తెలుపుతూ ఆ ఆవరణలోనే ఉంచిన ఫలకాలకు ప్రకటనల పన్ను నుండి ఈ చట్టం మినహాయింపు కల్పించినది. 2016లో 101వ రాజ్యాంగ సవరణ ద్వారా ప్రకటనల పన్ను అంశం రాష్ట్ర జాబితా నుండి తొలగినది. పన్ను తొలగినంత మాత్రాన అనుమతి అవసరం తొలగిపోదని వ్యాపారులు గమనించవలెను.