రాక్‌ఫెల్లర్ ఇంటి మారుపేర్లు

1906 మే 11న అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రపు ఫ్రీపోర్ట్ పట్నంలో డాక్టర్ విలియం లెవింగ్‌స్టన్ కన్నుమూశాడు. వయసు 95. ఊరూరా తిరిగి నాటు మందులమ్మిన మనిషి, మంచి మాటకారి, తుపాకి గురిలో దిట్ట. భార్య మార్గరెట్‌తో యాభై ఏళ్ల కాపురం. రెండేళ్లు తిరక్కముందే, 1908 ఫిబ్రవరిలో, న్యూయార్క్ 'వరల్డ్' పత్రిక అసలు సంగతి బయటపెట్టింది. ఆ సమాధిలో ఉన్నది చమురు వ్యాపారి జాన్ డి. రాక్‌ఫెల్లర్ కన్నతండ్రి. ఆయన ఆచూకీ చెప్పినవారికి 8,000 డాలర్లు ఇస్తామని పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ అంతకుముందే ప్రకటించి ఉన్నాడు.

రాక్‌ఫెల్లర్ జీవిత కథను చమురుతో మొదలుపెట్టి దానధర్మాలతో ముగించడం వాడుక. పేర్ల వైపు నుంచి చదివితే ఆ ఇల్లు మరోలా కనిపిస్తుంది.

తండ్రి అసలు పేరు విలియం ఏవరీ రాక్‌ఫెల్లర్. న్యూయార్క్ రాష్ట్రపు పల్లెల్లో ఆయన్ను 'డెవిల్ బిల్' అనేవారు. చెవిటి మూగవాడిలా నటిస్తూ, పలక మీద రాసి చూపిస్తూ సరుకు అమ్మేవాడు. అలా ఎలైజా డేవిసన్ వాళ్ల గుమ్మం తొక్కితే, ఈయన మూగవాడు కాకపోతే పెళ్లాడి ఉండేదాన్నని ఆమె అన్నదట. కథ ఎంత నిజమో గానీ 1837లో పెళ్లి మాత్రం జరిగింది. ఇంటి పనికి వచ్చిన నాన్సీ బ్రౌన్‌కు కూడా ఆయన వల్ల ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. జాన్ 1839 జూలై 8న రిచ్‌ఫర్డ్‌లో పుట్టాడు. నెలల తరబడి తండ్రి జాడ ఉండేది కాదు. ఎలైజా కొట్లో అరువు పెట్టి ఇల్లు నెట్టుకొచ్చేది. ఆయన ఒకనాడు కొత్త గుర్రం మీద దిగి, నోట్ల కట్ట తీసి బాకీలన్నీ తీర్చేవాడు. 1849లో ఇంట్లో పనిచేసే అమ్మాయిపై అత్యాచారం చేశాడన్న అభియోగం ఆయన మీద నమోదైంది. ఆ తర్వాత సంసారం ఊళ్లు మారుతూ ఒహాయోలోని క్లీవ్‌లాండ్ చేరింది.

1855లో రెండు సంగతులు జరిగాయి. జూన్‌లో బిల్ కెనడాలో లెవింగ్‌స్టన్ పేరుతో మార్గరెట్ ఆలెన్‌ను పెళ్లాడాడు. ఎలైజాకు విడాకులివ్వలేదు. సెప్టెంబర్ 26న పదహారేళ్ల జాన్‌కు హ్యూయిట్ అండ్ టటిల్ అనే కమీషన్ కొట్లో గుమాస్తా ఉద్యోగం దొరికింది. జాన్ ఆ తేదీని పుట్టినరోజు కంటే గొప్పగా జీవితాంతం జరుపుకున్నాడు. మూడు నెలల పనికి చేతికొచ్చింది 50 డాలర్లు. ఆ డబ్బులో ప్రతి సెంటూ, చర్చి చందాతో సహా, 'లెడ్జర్ ఎ' అనే ఎర్ర పుస్తకంలోకి ఎక్కింది.

1859లో మారిస్ క్లార్క్‌తో వాటా వ్యాపారం పెట్టడానికి జాన్ తన వంతు 2,000 డాలర్లు తేవలసి వచ్చింది. తగ్గిన 1,000 తండ్రి ఇచ్చాడు, నూటికి పది వడ్డీకి. సరిగ్గా చేతిలో పైసా ఆడని సమయం చూసి అప్పు వెనక్కి అడిగేవాడు. కొడుకులు తెలివిమీరాలంటే వాళ్లను మోసగిస్తుండాలన్నది ఆయన సిద్ధాంతం.

చమురు కథ ఇక్కడ క్లుప్తంగా చాలు. 1859 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర డ్రేక్ బావిలో నూనె పడింది. 1863లో జాన్ శుద్ధి వ్యాపారంలో దిగాడు. 1865లో వేలంపాటలో 72,500 డాలర్లకు క్లార్కుల వాటా కొన్నాడు. 1870లో పది లక్షల డాలర్ల మూలధనంతో స్టాండర్డ్ ఆయిల్ పుట్టింది. 1872లో కొద్ది వారాల్లోనే క్లీవ్‌లాండ్‌లోని 26 పోటీ కర్మాగారాల్లో 22ను అది మింగేసింది.

మింగినవాటిలో చాలావాటికి పాత బోర్డులే ఉంచారు. 1874లో న్యూయార్క్‌లోని చార్లెస్ ప్రాట్ కంపెనీని గుట్టుగా కలుపుకున్నాక కూడా అది వేరే వ్యాపారంలాగే నడిచింది. స్టాండర్డ్ మీద కోపంతో మరో కొట్టుకు పోయినవాడు, తెలియకుండా స్టాండర్డ్‌కే డబ్బు కట్టేవాడు. 1882లో 40 కంపెనీల వాటాలు తొమ్మిదిమంది ట్రస్టీల చేతికి వెళ్లాయి. తండ్రి ఒక ఊళ్లో రాక్‌ఫెల్లర్, మరో ఊళ్లో లెవింగ్‌స్టన్ అయినట్టే కొడుకు వ్యాపారానికీ ఊరికో పేరుండేది. తండ్రి మోసమే కొడుకు నెత్తురులోకి వచ్చిందని తేల్చేయడం తేలిక. నేను ఒప్పుకోను. అదే కప్పు కింద పెరిగిన తమ్ముడు విలియం సరదా మనిషి. చిన్నవాడు ఫ్రాంక్ కోపిష్ఠి, చేసిన వ్యాపారమల్లా కలిసిరానివాడు. జాన్ తండ్రి దగ్గర నేర్చుకున్నదల్లా నోరు మెదపకపోవడం ఎంత లాభమో తెలుసుకోవడం. పులిట్జర్ పత్రిక కథ వేసినప్పుడు కూడా ఆయన పెదవి విప్పలేదు.

లెక్క మాత్రం ఆయన సొంతం. ఎగుమతికి కిరసనాయిలు నింపే ఐదు గ్యాలన్ల డబ్బాకు 40 టంకం చుక్కలు పడుతుండగా చూసి, 38తో ప్రయత్నించమన్నాడు. కొన్ని కారాయి. 39తో ఒక్కటీ కారలేదు. ఆ ఒక్క చుక్క మొదటి ఏడే 2,500 డాలర్లు మిగిల్చిందని తర్వాత చెప్పుకున్నాడు. మన పల్లెల్లో నూనె అయిపోయాక కావడికెక్కి నీళ్లు మోసిన కిరసనాయిలు డబ్బాకు ముత్తాత ఇదే.

1864లో ఆయన పెళ్లాడిన లారా స్పెల్మన్ బానిసత్వాన్ని ఎదిరించిన ఇంటి బిడ్డ. అట్లాంటాలో నల్లజాతి స్త్రీలు చదివే స్పెల్మన్ కళాశాలకు ఆమె పుట్టింటి పేరే పెట్టారు. పిల్లలు ఈగలు చంపినా, పెన్సిళ్లు చెక్కినా కూలి లెక్కగట్టి ఇచ్చేవారు. నలుగురికీ కలిపి మూడు చక్రాల సైకిల్ ఒక్కటే. ఏకైక కొడుకు జూనియర్ ఎనిమిదేళ్లు వచ్చేదాకా అక్కల పాత గౌన్లే తొడిగాడు.

ఫ్రాంక్ మాత్రం అన్నను క్షమించలేదు. అంతర్యుద్ధంలో తాను గాయపడితే అన్న డబ్బిచ్చి బదులు మనిషిని పంపాడన్నది మొదటి మంట. తాను వాటాదారుగా ఉన్న కర్మాగారం 1872లో స్టాండర్డ్ పాలవడం రెండోది. 1876లో కాంగ్రెస్ కమిటీ ముందు అన్నకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. చివరికి క్లీవ్‌లాండ్‌లోని లేక్‌వ్యూ సమాధుల తోటలో, కుటుంబపు స్థలంలో పూడ్చిన తన ఇద్దరు బిడ్డల అవశేషాలను తవ్వించి వేరేచోటికి తీసుకుపోయాడు.

1915 మార్చిలో లారా చనిపోయినప్పుడు ఒహాయో అధికారులు జాన్‌ను తమ నివాసిగా లెక్కగట్టి భారీ పన్ను అడుగుతున్నారు. అక్కడ అడుగుపెడితే కోర్టు కాగితాలు చేతిలో పెడతారు. అందుకని శవపేటికను న్యూయార్క్ దగ్గర ఒక స్నేహితుడి సమాధి మందిరంలో నెలల తరబడి ఉంచి, ఆ తర్వాతే లేక్‌వ్యూకు తరలించారు. 1937 మే 23న, 97 ఏళ్ల వయసులో పోయిన జాన్‌నూ అక్కడే పూడ్చారు. ఎత్తైన రాతి స్తంభం దగ్గర ఒక పక్క తల్లి ఎలైజా, మరో పక్క భార్య. తండ్రి ఫ్రీపోర్ట్‌లోనే ఉండిపోయాడు.