పొయ్యి దగ్గరికి ముందు వెళ్ళిందెవరు?

బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో దహన పరిశోధన చరిత్రను చెప్పేవారు సాధారణంగా ఒకే దారి పడతారు. 1942లో విమాన శాస్త్ర విభాగం వెలిసింది, జెట్ ఇంజన్లు, రాకెట్ ఇంధనాల చదువు పెరిగింది, ఆ విద్యలో ఆరితేరినవారు చివరికి పల్లెటూరి పొయ్యిని బాగుచేయడానికి దిగివచ్చారు. మొదటి రెండు మెట్ల గురించి పేచీ లేదు. మూడోదాని దగ్గరే కాలక్రమం తలకిందులైంది. ఆ సంస్థలో పొయ్యిని పరిశోధనాంశం చేసినవారిలో ముందు నడిచినవారు దహన నిపుణులు కారు.

1974లో గ్రామాలకు పనికొచ్చే సాంకేతికత కోసం 'అస్త్ర' అనే విభాగాన్ని నెలకొల్పిన అమూల్య రెడ్డి విద్యుత్ రసాయన శాస్త్రవేత్త. ఆయన బృందం యంత్రంతో మొదలుపెట్టలేదు, లెక్కలతో మొదలుపెట్టింది. తుమకూరు జిల్లా ఉంగ్రా పరిసరాల్లో ఆరు ఊళ్ళు ఎంచుకుని, ఏ ఇంట్లో ఏ శక్తి ఎంత ఖర్చవుతోందో కొలిచింది. వాటిలో పూరా చిన్న ఊరు. 1977లో 56 కుటుంబాలు, 357 మంది. అక్కడ వాడే శక్తిలో 89 శాతం కట్టెలదే. మనుషుల శ్రమ 7 శాతం, కరెంటు 1 శాతం. పొయ్యి వెలగడానికి ఒక్కో కుటుంబం రోజూ సగటున రెండున్నర గంటలకు పైగా వెచ్చించి, ఐదు కిలోమీటర్ల దాకా నడిచి, పది కిలోల కట్టెలు తెచ్చుకునేది. దేశ ఇంధన సమస్య అంటే పెట్రోలు ధర అనుకుంటున్న రోజుల్లో ఈ అంకెలు సమస్యను వంటింట్లోకి తెచ్చి నిలబెట్టాయి. వీటి వెన్నంటే వచ్చింది 'అస్త్ర ఒలె'. లోక్రాస్, జగదీశ్ ప్రభృతులు రూపొందించిన మూడు గిన్నెల పొయ్యి అది. జగదీశ్ మట్టి కట్టడాల మీద పనిచేసిన సివిల్ ఇంజనీరు. పాత పొయ్యిలో నోరు తెరిచి ఉండటం వల్ల అవసరానికి మించిన గాలి లోపలికి దూరి వేడిని వెంట తీసుకుపోతుంది. ఇందులో కట్టెలు పెట్టే నోటికి మూత పెట్టి, గాలిని జాలీ గుండా కొలతగా పంపి, పొగను గొట్టం ఎక్కించారు. పాత పొయ్యి కట్టెలోని వేడిలో పదో వంతు చుట్టుపక్కల వాడుకుంటే, ప్రయోగశాలలో ఇది నలభై శాతం దాటింది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, తేలిగ్గా తోసేయదగినది కాదు. పొయ్యి సంగతి సరే, కట్టెను ఇంజను నడిపే గ్యాసుగా మార్చే గ్యాసిఫయర్ మాటేమిటి? ఆ పని మొదలుపెట్టిన ముకుంద, శ్రీనివాస ఇద్దరూ విమాన శాస్త్ర విభాగం వారే కదా? నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకనప్పుడు మన రోడ్ల మీద తిరిగిన బొగ్గు బస్సుల్లోనూ ఉన్నది గ్యాసిఫయరే. అయితే బొగ్గు స్థానంలో కట్టె వేస్తే తారు పుట్టి ఇంజను పట్టేస్తుంది. బెంగళూరు నమూనాలో పై మూత తీసేశారు. గాలి పైనుంచి కొంత, పక్క గొట్టాల నుంచి కొంత వస్తుంది. గ్యాసు కణకణలాడే బొగ్గుల పొర గుండా కిందికి దిగేసరికి తారు చాలావరకు విరిగిపోతుంది. మంట ఎక్కడ నిలుస్తుందో, ఎటు జరుగుతుందో తెలిసిన రాకెట్ విద్య లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదు. కాని 1980ల తొలినాళ్ళలో ఆ విద్యకు పెట్టిన పరీక్ష ఐదు హార్స్‌పవర్ డీజిల్ పంపుసెట్టు. జవాబు రాకెట్ విద్య నుంచి వచ్చి ఉండవచ్చు, ప్రశ్న మాత్రం పొలం గట్టు నుంచే వచ్చింది.

1988లో తుమకూరు జిల్లా హోసహళ్ళిలో 3.7 కిలోవాట్ల గ్యాసిఫయర్ దీపాలు వెలిగించింది, తర్వాత మంచినీళ్ళు తోడింది. కట్టె సరైన సైజులో నరికి, ఆరబెట్టి, బూడిద దులిపి దాన్ని నడిపింది ఆ ఊరి కుర్రాళ్ళే. తడి కట్టె పడితే ఏ సిద్ధాంతమూ ఆదుకోదు. ప్రయోగశాల మనుషులంటే ఆచార్యులు, విద్యార్థులే అనుకునే చరిత్రలో ఈ ఆపరేటర్లకు చోటుండదు. నా దృష్టిలో అది పెద్ద లోపం.

వర్తమానం గురించి నాకు మిశ్రమాభిప్రాయమే ఉంది. బెంగళూరు ప్రయోగశాల జ్ఞానంతో వచ్చిన 'ఊర్జా' పొయ్యి, చిన్న ఫ్యాను, పంట వ్యర్థాల గుళికలతో, నాలుగు లక్షల ఇళ్ళకు చేరింది. మంటలో వంక లేదు. గుళికల ధర పెరిగేసరికి జనం దాన్ని పక్కన పెట్టారు. 2016లో వంటగ్యాసు కనెక్షన్ల ఉజ్జ్వల పథకం వచ్చాక కట్టెల పొయ్యి గతించిన విషయమని విధాన కర్తలు అనుకున్నారు. సిలిండరు మళ్ళీ నింపించుకోలేని ఇళ్ళు అలా అనుకోవడం లేదు. ఇప్పటి దహన పరిశోధన లేజర్లతో మంట లోపలి అణువులను చూస్తోంది, హైడ్రోజన్‌నూ అమ్మోనియానూ మండిస్తోంది. ఆ పని అవసరమే. అయితే పూరాలో చేసిన పని మళ్ళీ జరగకపోతే, వచ్చే పొయ్యి కూడా ఊర్జా దారే పడుతుంది. ఇంధనాల మీద పనిచేసే ప్రతి విశ్వవిద్యాలయ ప్రయోగశాల కొత్త యంత్రానికి గీత గీసే ముందు, తన చుట్టుపక్కల ఆరు ఊళ్ళ వంటింటి లెక్క తీయాలి.