కాపాడే చేతులే

జపాన్‌లోని షిగా ప్రాంతంలో 1933లో నేతపనితో మొదలైన సంస్థ టకాటా. యుద్ధకాలంలో పారాచూట్లకు తాళ్లు నేసింది. తర్వాత సీటుబెల్టులు, ఆపైన ఎయిర్‌బ్యాగులు చేసింది. ఆకాశం నుంచి దూకినవాణ్ణీ, రోడ్డుమీద గుద్దుకున్నవాణ్ణీ పట్టి ఆపడమే ఆ ఇంటి వృత్తి.

కారు గుద్దుకున్న రెప్పపాటులో స్టీరింగ్‌లోని ఇనుప డబ్బాలో మందుబిళ్లలు మండాలి, ఆ వాయువుతో సంచి పొంగాలి. 2000 ప్రాంతంలో టకాటా ఆ మందు మార్చింది. చవకగా దొరికే అమ్మోనియం నైట్రేట్‌కు దిగింది. గనుల్లో బండలు పేల్చే సరుకది. ఏళ్ల తరబడి ఉక్కపోతకు బిళ్లలు చెడి, అవసరానికి మించిన వేగంతో మండి, డబ్బానే బద్దలు కొట్టేవి; ఆ ఇనుప ముక్కలు ఎగిరి మనిషికి తగిలేవి. 2014లో ఫ్లోరిడాలో ఒక డ్రైవరు మెడమీది గాట్లు చూసి పోలీసులు ఎవరో కత్తితో పొడిచారనుకున్నారు.

డబ్బా పగలడం అదే మొదలా? కాదు. 2004లోనే అలబామాలో ఒక హోండా కారులో పగిలింది. ఎక్కడో ఒకచోట జరిగిన వింత అని హోండా, టకాటా సర్దుకున్నాయే తప్ప, జరిగింది జరిగినట్టు ప్రభుత్వానికి విడమరిచి చెప్పలేదు. చెప్పి తీరాలని చట్టముంది. ఫైర్‌స్టోన్ కంపెనీ టైర్లలో లోపాల గొడవ తర్వాత 2000లో అమెరికా చేసుకున్న చట్టమది: చావులు, గాయాల మీద వచ్చిన ఫిర్యాదులన్నీ అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థకు చేరాలి. హోండా పదకొండేళ్లలో అలాంటివి 1,729 తెలపలేదు. లెక్కల నమోదులో పొరపాటట! 2015లో 7 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఇక ఆ భద్రతా సంస్థ 2009 నవంబరులో టకాటా మీద విచారణ తెరిచి, ఆరు నెలలకే మూసేసింది. ఈ కథలో నాకు మింగుడుపడనిది అదే. కాపలావాడు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాడు.

టకాటా పరీక్షల ఫలితాలు మార్చి కార్ల కంపెనీలకు అందించిందని తర్వాత తేలింది. 2017 జనవరిలో నేరం ఒప్పుకోవడానికి అంగీకరించింది. మూల్యం 100 కోట్ల డాలర్లు. జూన్‌లో దివాలా తీసింది. వ్యవస్థాపకుడి మనవడు షిగెహిసా తకాడా టోక్యోలో విలేకరుల ముందు తల వంచి నిలబడ్డాడు. మరుసటి ఏడాది సంస్థలో చాలా భాగం చైనా వాళ్ల అధీనంలోని కంపెనీ చేతికి పోయి, పేరు కూడా మారింది. ప్రపంచమంతటా వెనక్కి పిలిచిన డబ్బాలు దాదాపు 10 కోట్లు. అమెరికా చరిత్రలో ఇదే అతిపెద్ద వాహనాల రీకాల్.

ఆ డబ్బాలు మన దేశానికీ వచ్చాయి. మన తీరప్రాంతాల ఉక్కపోత ఫ్లోరిడాకేమీ తీసిపోదు. పాత హోండా, టయోటా కారుంటే ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందేమో కంపెనీని అడగండి. ఉంటే డబ్బు తీసుకోకుండా మారుస్తారు. ఏ బండిలోనైనా ప్రాణం మీదికి తెచ్చే లోపం కనిపిస్తే షోరూమ్‌లో గొడవపడి ఊరుకోవద్దు. కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో కూడా రాసి పెట్టండి.