ఫిరంగి నుంచి ఉపగ్రహం దాకా

బ్రిటన్‌లో ఉంటూ హీత్రూ విమానాశ్రయంలో దిగని తెలుగువాళ్ళు అరుదు. ఆ విమానాశ్రయపు ఉత్తరపు అంచున, రోడ్డు పక్కన, నేలలో నిలువునా పాతిన పాత ఫిరంగి ఒకటి ఉంది. దాని జత ఐదు మైళ్ళకు పైగా దూరాన, హాంప్టన్‌లో ఉంది. ఇవి యుద్ధానికి గుర్తులు కావు, ఒక కొలతకు హద్దురాళ్ళు.

1783లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాసిని ద త్యూరీ, గ్రీనిచ్ వేధశాల స్థానం సరిగ్గా తేలలేదని అన్నాడు. ఆ సందేహం తీర్చేందుకు రాయల్ సొసైటీ తరఫున జనరల్ విలియం రాయ్ 1784లో హౌన్‌స్లో మైదానం మీద ఒక సరళరేఖను కొలిచాడు. చెక్క బద్దలు తేమకు ఉబ్బుతున్నాయని వాటిని వదిలి, గాజు గొట్టాలతో కొలిస్తే 27,404 అడుగులు తేలింది. రాయ్ 1790లో కన్నుమూశాడు. మరుసటి ఏడు అదే రేఖను ఉక్కు గొలుసుతో మళ్ళీ కొలిచారు. తేడా మూడు అంగుళాలకు మించలేదు. వేరే మనుషులు వేరే పరికరంతో కొలిచినా అదే జవాబు రావడం, అదీ అసలు పరీక్ష.

ఈ పద్ధతే మన నేలకూ వచ్చింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదటి ఆధారరేఖను కొలిచాడు. త్రిభుజాలు అల్లుకుంటూ ఉత్తరానికి వచ్చాక, లెక్క దారి తప్పలేదని రూఢి చేసుకోవడానికి గుత్తి దగ్గర మరో రేఖను నేల మీద కొలిపించాడు.

బ్రిటన్‌లో 1936 నుంచి 1962 వరకు ఆర్డ్నెన్స్ సర్వే దేశమంతా కొత్తగా కొలిచింది. అందుకోసం కొండల మీద సుమారు 6,500 కాంక్రీటు స్తంభాలు కట్టింది. ట్రిగ్ పిల్లర్లంటే ఇవే. కొండలెక్కేవారు తమ జీపీఎస్ పరికరాన్ని పరీక్షించుకోవడానికి ఇవి ఎంతో అనువైనవి. స్తంభం మీద పరికరం పెట్టి, కాసేపు ఆగి, వేర్వేరు రోజుల్లో పలుసార్లు అంకెలు రాసుకుని, ప్రచురిత అంకెలతో పోల్చాలి. అంకెలు చెల్లాచెదురైతే చెట్లో, కొండచరియో సంకేతాలకు అడ్డుపడుతూ ఉండవచ్చు. అన్నీ ఒకేచోట గుమిగూడి, ఆ చోటే వంద మీటర్లు పక్కకుంటే లోపం పరికరానిది కాకపోవచ్చు. బ్రిటిష్ పటానికి ఒక ఆధారగోళం, ఉపగ్రహాలకు మరొకటి. సెట్టింగు మార్చుకోవాలి. 2000 మే నెలలో అమెరికా తాను కావాలని కలిపిన దోషాన్ని తొలగించేదాకా మాత్రం, సామాన్యుడి జీపీఎస్‌లో వంద మీటర్ల తప్పు మామూలే.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. ఉపగ్రహాలను పరీక్షించిన ఆ స్తంభాలనే ఉపగ్రహాలు తిరిగి పరీక్షించాయి. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళేసరికి పాత కొలతలో సుమారు 20 మీటర్ల వంకర బయటపడింది. అయినా ఆర్డ్నెన్స్ సర్వే పాత పటాలను పారెయ్యలేదు. వందకు పైగా స్థిర కేంద్రాల్లో ఉపగ్రహ సంకేతాలను నిరంతరం నమోదు చేస్తూ, కొత్త అంకెను పాత పటానికి మార్చే పట్టికను తయారు చేసింది. ఇప్పుడు వాడే పట్టిక 2016 నాటిది.

గ్రీనిచ్‌లో నేల మీది మధ్యాహ్నరేఖ మీద నిలబడి జీపీఎస్ చూస్తే సున్నా రాదు. దాని సున్నా 102 మీటర్లు తూర్పున ఉంది. పూర్వులు పొరబడలేదు. వారు తూకపుగుండు చూపిన నిలువును నమ్మారు. కొండలూ రాతిపొరలూ ఆ గుండును పిసరంత పక్కకు లాగుతాయి. ఉపగ్రహాలు భూకేంద్రాన్ని నమ్ముతాయి.

మన ఊళ్ళో గట్టు తగాదా వస్తే సర్వేయరు ఒక్క రాయిని నమ్మడు. ఇంకో రెండు రాళ్ళ నుంచి గొలుసు లాగి చూస్తాడు. ఫోనులోని నీలిచుక్కను నమ్మి పొగమంచులో కొండ దిగేవారికీ ఆ జాగ్రత్తే ప్రాణాధారం: చుక్క చెప్పింది వినాలి, పటాన్నీ దిక్సూచినీ కూడా అడగాలి.