ఒకే చోట రెండు చేతులు: మత్తుమందులు, ఎంజైములు, నాడీకణపు పొటాషియం చానెళ్లు

నాడీకణం లోపల పొటాషియం గాఢత సుమారు 140 మిల్లీమోలార్లు, బయట దాదాపు 4. అందుకే కణం ఊరక ఉన్నప్పుడు కూడా పొటాషియం అయాన్లు బయటికి కారుతూనే ఉంటాయి. లోపలి విభవం −70 మిల్లీవోల్టుల దగ్గర నిలబడడానికి ముఖ్య కారణం ఈ కారుడే. కారే దారి మరికాస్త తెరుచుకుంటే విభవం −90 వైపు జారి, కణం మొద్దుబారుతుంది. కొన్ని మత్తుమందులు తెరిచేది ఈ దారినే. అయినా మత్తు గురించి రాసేవారు గాబా అనే నాడీ ప్రసారకపు గ్రాహకాలకే పెద్దపీట వేస్తారు. ఈ లీకు చానెళ్లకు దక్కాల్సిన చోటు దక్కలేదని నా అభిప్రాయం.

1988లో పరిశోధకులు ఫ్రాంక్స్, లీబ్‌లు చెరువు నత్త నాడీకణాలపై హాలోథేన్ అనే మత్తుమందును ప్రయోగించారు. చూడటానికి ఒకేలా ఉన్న కణాల గుంపులో ఒక్కటి మాత్రం పూర్తిగా మూగబోయింది. దానిలో ఒక పొటాషియం ప్రవాహం తెరుచుకుందని తేలింది. 1999లో ఫ్రాన్స్‌లోని లజ్దున్‌స్కీ బృందం క్షీరదాల్లో ఇలాంటి చానెళ్లను చూపింది. వాటిలో ట్రెక్-1, టాస్క్-1 అనే రెండింటినీ హాలోథేన్ తెరుస్తుంది. క్లోరోఫారం ట్రెక్-1ను తెరుస్తుంది కానీ టాస్క్-1ను తెరవదు. నిజాం సొమ్ముతో 1888, 1889లలో హైదరాబాదులో కూర్చున్న క్లోరోఫారం కమిషన్లు ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని వాదించుకున్నాయి. ఆ మందు ఏ ప్రొటీన్‌ను పట్టుకుంటుందన్న ప్రశ్న అప్పటికి పుట్టనే లేదు.

అసలు విషయం ట్రెక్-1 తోకలో ఉంది. కణం లోపలికి వేలాడే ఆ కొసను కత్తిరిస్తే మత్తుమందుకు చానెల్ స్పందించదు. ప్రొటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైము ఫాస్ఫేటును అంటించేదీ ఆ తోకకే, 333వ స్థానంలోని సీరైన్‌కు. అంటించగానే చానెల్ మూతపడుతుంది. సముద్రపు నత్త అప్లీసియాలో సెరటోనిన్ ఇలాగే ఈ కైనేజ్‌ను ఉసిగొల్పే సైక్లిక్ ఏఎంపీ ద్వారా పొటాషియం చానెళ్లను మూయిస్తుందని 1982లోనే తెలిసింది.

టాస్క్ చానెళ్లలో తెరిచే చేయి, మూసే చేయి ఇంకా దగ్గర. పరిశోధకులు టాలీ, బేలిస్‌లు 2002లో ఆరు అమైనో ఆమ్లాల చిన్న ముక్కను గుర్తించారు. హాలోథేన్ తెరవాలన్నా, నాడీ ప్రసారకాలు మూయాలన్నా ఆ ముక్క ఉండాల్సిందే. మూసే పనిలో ఫాస్ఫోలైపేజ్ సీ అనే ఎంజైము విడుదల చేసే డైఎసైల్‌గ్లిసరాల్‌కు పాత్ర ఉందని తర్వాత తేలింది. ఆ ముక్క తప్పనిసరి అయినంతమాత్రాన మందు అక్కడే కూర్చుంటుందని అనలేం. ఎక్కడో తగిలిన తోపును ద్వారానికి చేరవేసే మెడ అది కావచ్చు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది.

2020లో స్క్రిప్స్ సంస్థలోని హాన్సెన్ బృందం కథను మరో మలుపు తిప్పింది. క్లోరోఫారం కణత్వచంలోని కొవ్వు గుంపులను చెదరగొడుతుంది. వాటిలో ఒదిగి ఉన్న ఫాస్ఫోలైపేజ్ డీ2 బయటపడి ఫాస్ఫాటిడిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ట్రెక్-1ను తెరిచేది ఆ ఆమ్లం. పనిచేయని ఎంజైమును పెడితే క్లోరోఫారం ప్రభావం పోయింది. కొవ్వులో ఎంత కరిగితే అంత మత్తు అన్న మేయర్, ఓవర్టన్‌ల పాత సూత్రం, 1984లో కొవ్వే లేకున్నా మత్తుమందుకు లొంగిన మిణుగురు ఎంజైముపై జరిగిన ప్రయోగంతో వెనకబడినా, ఇలా ఎంజైము చేయి పట్టుకుని తిరిగొచ్చింది.

అయితే ట్రెక్-1 లేని ఎలుకలకు 2004 ప్రయోగంలో క్లోరోఫారం, హాలోథేన్ ఎక్కువ మోతాదులో కావలసివచ్చినా పెంటోబార్బిటాల్ మామూలుగానే పనిచేసింది. ఫాస్ఫోలైపేజ్ డీ లేని ఈగల్లోనూ మత్తుకు కావలసిన మోతాదు పెరిగిందే తప్ప, మత్తు ఎక్కకుండా పోలేదు.