చీలిక వెదురు గాలపుకోల

ఈకలతోను పట్టునూలుతోను ఈగవలె కట్టిన తేలిక ఎరను నీటిపై విసరుటకు, వెదురును నిలువున చీల్చి, ఒక్కొక్క బద్దను అరువది డిగ్రీల కోణము వచ్చునట్లు చిత్రికపట్టి, ఆరింటిని చేర్చి అతికి, షట్కోణాకారముగా రూపొందించిన కోల ఇది. ఆంగ్లేయులు ఫ్లై రాడ్ అందురు. ఎరకు బరువు లేనందున కోలయే వంగి, మరల నిలిచి, త్రాటికి వేగమియ్యవలెను. వెదురు పైపొర క్రిందనే నారపోగులు దట్టముగా నుండును గావున, లోపలి మెత్తని భాగమును తొలగించి, గట్టి పొరను ఆరు ప్రక్కలను వెలుపలికి నిలుపుటలోనే ఈ నిర్మాణపు కీలకము కలదు.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములకు ఈ కోల సహజమైనది కాదు. నందికొండల చెంత పుట్టు చిత్రావతీ పాపఘ్నులు వానలను నమ్ముకొన్న ఏరులు. ఈ కోలతో ముఖ్యముగా పట్టునట్టి, శీతల జలములలో బ్రతుకు ట్రౌటు చేప వీనిలో లేదు. ఇచ్చట వేట యనగా చెరువులో వల వేయుట, లేదా కట్టపై కూర్చుండి నిండు వెదురుకర్రకు గాలము కట్టి కొరమీనుకై వేచియుండుట. అయినను చెరువుల వేటను ఆంగ్లేయులు తృణీకరింపలేదు. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగియైన హెన్రీ సలివన్ థామస్ 1873లో మంగళూరున ‘ది రాడ్ ఇన్ ఇండియా’ను, 1887లో కేవలము చెరువులనే గూర్చి ‘టాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ను ప్రకటించెను.

వింత యేమనగా, ఈ పరదేశపు కోల తొలుత భరతఖండపు వెదురుతోనే ప్రసిద్ధి కెక్కినది. పెన్సిల్వేనియాలోని ఈస్టన్ పట్టణమున తుపాకులు చేయు శామ్యూల్ ఫిలిప్ 1840లలో బద్దల నతికి కోలలు చేయగా, మెయిన్ రాష్ట్రమున హైరమ్ లెనార్డ్ ఆరు బద్దల కోలను యంత్రసాధ్యము చేసెను. ఇంగ్లండున ఆల్నిక్ నగరమున 1872లో వెలసిన హార్డీ సోదరుల సంస్థ ఆ విద్యకు పేరుగాంచెను. కలకత్తా రేవునుండి ఓడలెక్కిన వెదురే వారికి మొదటి ముడిసరుకు. తరువాత చైనా దేశపు గువాంగ్‌డాంగ్‌లో పెరుగు టాంకిన్ వెదురు దాని స్థాన మాక్రమించెను. 1950లో అమెరికా చైనా సరుకులను నిషేధించుటయు, అప్పటికే గాజునార కోలలు అంగళ్లకు వచ్చియుండుటయు కలిసి వెదురు కోలల వ్యాపారమును క్రుంగదీసెను.

పాత కోల వయోనిర్ణయమునకు ఏ యొక్క గుర్తునూ నమ్మరాదు. లెనార్డ్ కోలల పొన్నులపై, అనగా కోల భాగములను కలుపు లోహపు గొట్టములపై, 1875, 1878 అను పేటెంటు సంవత్సరములు కనిపించుట కలదు; అవి కోల అంతకు పూర్వపుది కాదని మాత్రమే చెప్పును, ఆ యేటిదేయని చెప్పవు. పైపొరపై కాల్చిన మచ్చలున్నచో కలకత్తా వెదురని ఊహింపవచ్చును. త్రాడు దూరు ఉంగరములలో వ్రేలాడునవి పూర్వకాలపువి, స్థిరముగా కట్టిన తీగ ఉంగరములు తరువాతివి. కోల పొడవునను పట్టుచుట్లు దగ్గర దగ్గరగా నున్నచో, సరేసు జిగురుపై నాటి పనివానికి నమ్మకము చాలలేదని గ్రహింపవలెను. కృత్రిమ జిగురులు వచ్చినపిదప ఈ చుట్లు తగ్గినవి. బేకలైటు ద్రావణము నింపిన కోలలు 1940ల నాటివో, అంతకు తరువాతివో. కోల మొదలు భాగమున సిరాతో వ్రాసిన సంఖ్యను దానిని చేసిన సంస్థ సూచీపత్రములతో పోల్చి చూడనిదే నిర్ధారణకు దిగుట తొందరపాటగును.

కొందరు కోల చేతికి రాగానే పాత వార్నీషును గీకి మెరుగుపెట్టుదురు. వెదురునకు రక్షణయు, చరిత్రకు సాక్ష్యమును ఒక్కటిగానే పోవును గనుక ఇది నా మతమున అపచారమే. తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, పత్తిసంచిలో నుంచి, దాని పైముడితో గాలి తగులు చోట వ్రేలాడదీయవలెను. గోడకు చేరవేసినచో కోల వంకరపోవును. తడి యారకమునుపు గొట్టములో మూయరాదు. సరేసు వేడికి మెత్తబడును గావున, బాగేపల్లి ఎండలో నిలిపిన మోటారుబండి యందు కోలను మరచుట దానిని పాడుచేయుటయే. బద్దలనుండి సన్నని పిండి రాలినచో పుచ్చుపురుగు పట్టినదని తెలిసి, ఆ కోలను తక్కినవానికి దూరముగా నుంచవలెను. పొన్నులను మెలిపెట్టక, రెండు చేతులను దగ్గరగా నుంచి తిన్నగా లాగవలెను. ఊడిన చుట్టును తిరిగి కట్టించునప్పుడు పాత పట్టునూలు తునకను కాగితమున మడచి సంచిలోనే దాచినచో, అసలు రంగు ఏదియో తరువాతివారు వెదుకనక్కరలేదు.